పోర్టులోకి మామూలు సూది పోనివ్వకండి

పోయిన వారం దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి ఒకావిడను రాత్రికి రాత్రి కారులో తీసుకొచ్చారు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో ఎప్పుడో అయిపోయింది, ఆ మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్టు మాత్రం అలాగే ఉంది. మనిషి కోలుకుని కూలి పనికి కూడా పోతోంది. మామూలు జ్వరమే వచ్చింది. తిండి సయించక నీరసపడితే ఊళ్లో ఆరెంపీ సెలైన్ పెడదామన్నాడు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ముట్టొద్దని ఇంట్లోవాళ్లే చెప్పారు. రెండో చేతిలో, కీమోకు గట్టిపడిన నరాలు దొరకలేదు. "ఇగో, పోర్టు ఉండనే ఉంది గదక్కా, దీనికే పెడదాం" అని మామూలు సూది గుచ్చాడు. మర్నాటికి పోర్టు మీది చర్మం ఎర్రగా ఉబ్బింది, ఆ సాయంత్రానికి మంచం ఊగేంత వణుకు. మా దగ్గరికి వచ్చేసరికి బీపీ పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది, పోర్టు తీసేశారు.

మాది నల్గొండ జిల్లానే. హైదరాబాద్‌లో కీమో డే కేర్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇలాంటిది ఇంతకుముందూ చూశాను. వానాకాలం జ్వరాలు ముదరకముందే మనవాళ్లకు చెప్పాలని రాస్తున్నాను. స్నానం, తిండి, కుట్ల సంగతి మీ డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది, వాటి జోలికి పోను.

పోర్టు అంటే ఛాతీ పైభాగంలో చర్మం కింద పెట్టిన చిన్న డబ్బీ. దాని మూత సిలికాన్‌ది. దాన్నుంచి సన్నటి ట్యూబు బయల్దేరి, గుండెకు కాస్త పైన ఉండే పెద్ద రక్తనాళం దాకా పోతుంది. దానికి వాడాల్సింది హ్యూబర్ సూది ఒక్కటే. దాని మొన సిలికాన్‌ను పక్కకు జరుపుకుంటూ దిగుతుంది, తీయగానే మూత తనంతట తాను మూసుకుంటుంది. అందుకే వందల సార్లు గుచ్చినా ఏమీ కాదు. మామూలు సూది జామకాయలో గుచ్చిన గొట్టంలాగా చిన్న ముక్కను కోసుకుంటూ పోతుంది. ఆ రంధ్రం ఇక పూడదు. తర్వాత ఎక్కించే మందు అక్కడి నుంచి చర్మం కిందికి కారుతుంది. కొన్ని కీమో మందులు అలా కారితే కండ కుళ్లిపోయేంత పుండు పడుతుంది.

క్రిముల సంగతి ఇంకా ఘోరం. సూదితో పోర్టులోకి పోయినవి నేరుగా గుండె దగ్గరి రక్తంలో కలుస్తాయి. ట్యూబు లోపలి గోడలకు పట్టుకుంటే యాంటీబయాటిక్ ఇచ్చినా ఒక పట్టాన వదలవు. అందుకే మేము గ్లౌజులు, మాస్కు వేసుకుని, చర్మం శుభ్రం చేసి, మందు ఆరనిచ్చాకే సూది దించుతాం. వెనక్కి లాగితే రక్తం రావాలి. అప్పుడే మందు పోస్తాం. సిరంజి 10 మి.లీ.కు తగ్గనివ్వం, చిన్న సిరంజి ఒత్తిడికి ట్యూబు పగలొచ్చు. ఇదంతా ఇంట్లో మంచం మీద అయ్యే పని కాదు.

మళ్లీ చెప్తున్నా, ఆరెంపీ ఎంత మంచివాడైనా, ఎన్నేళ్లుగా తెలిసినవాడైనా, పోర్టును ముట్టనివ్వకండి. "ఒక్కసారికి ఏం కాదు" అంటే ఒప్పుకోకండి. నోటితో తాగగలిగితే ఓఆర్ఎస్ తాగించండి. సెలైన్ తప్పనిసరైతే నల్గొండకో మహబూబ్‌నగర్‌కో, పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అక్కడ కూడా ముందే చెప్పండి: చేతి నరానికే పెట్టండి, పోర్టుకైతే హ్యూబర్ సూది, అది తెలిసిన మనిషి ఉంటేనే.

రెండోది ఫ్లష్, అంటే సెలైన్ లాంటి ద్రవం పోసి పోర్టు ట్యూబును కడగడం. కీమో అయిపోయినా పోర్టు ఒంట్లో ఉన్నన్నాళ్లు ఇది తప్పదు. లేకపోతే ట్యూబులో రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చేస్తారు, కొందరు డాక్టర్లు మూడు నెలల దాకా గడువిస్తారు. మీ డాక్టర్ చెప్పిన గడువే మీకు లెక్క. నాట్లున్నాయని, పత్తి తీసే రోజులని వాయిదా వేయకండి. పాలమూరు నుంచి ముంబైకో పుణేకో పనికి పోయేవాళ్లు అక్కడ ఎక్కడ ఫ్లష్ చేస్తారో బయల్దేరకముందే కనుక్కోండి.

ఇక మిగతావి.

ఫ్లష్ చేసిన గంట రెండు గంటల్లో చలి, వణుకు వస్తే పోర్టులో ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. జ్వరం తగ్గినా సరే, అదే రోజు వెనక్కి రండి.

కీమో నడుస్తున్నవాళ్లకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి చూద్దాం అనొద్దు. 108కి ఫోన్ చేయండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు పోర్టు నుంచీ చేతి నుంచీ రెండు చోట్లా రక్తం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో పట్టే పరీక్షకు) తీయమని అడగండి.

మెడ, ముఖం, పోర్టు వైపు చెయ్యి వాచిందా? గడ్డకట్టి ఉండొచ్చు. మాలిష్ చేయొద్దు. వెంటనే చూపించుకోండి.

మందు కొట్టే పంపు బెల్టు సరిగ్గా పోర్టు మీదే పడుతుంది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి.

పోర్టు మీద పసుపు, ఆకు పసరు, బామ్ పెట్టొద్దు. వేళ్లతో తిప్పి చూడొద్దు, లోపల బోర్లా పడుతుంది.

సీటీ స్కాన్‌కు మందు ఎక్కించేటప్పుడు, ఆ ఒత్తిడిని తట్టుకునే పోర్టేనా అని, పోర్టు పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు చూసి చెప్పమనండి. కార్డు ఫొటో మీ ఫోన్లోనూ పిల్లల ఫోన్లోనూ పెట్టండి.

సెలైన్ కోసం పోర్టుకు మామూలు సూది వద్దు. రక్తపరీక్షకూ వద్దు.

ట్రీట్‌మెంట్ పూర్తయినవాళ్లు వచ్చే చెకప్‌లో డాక్టర్‌ను సూటిగా అడగండి: "ఈ పోర్టు ఇంకా ఉంచాలా, తీసేయొచ్చా?" తీయడం చిన్న ఆపరేషనే, చాలామందికి ఆ చోటు వరకే మత్తిచ్చి తీసేస్తారు. ఉంచమంటే, తర్వాతి ఫ్లష్ తేదీ రాయించుకునే బయటికి రండి.