సొంత ల్యాప్‌టాప్‌లో మెయిల్ సర్వర్ పరీక్ష: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వచ్చిన ఈమెయిల్‌ను చదివి, దాన్ని ఫిర్యాదుగానో ఆర్డరుగానో డేటాబేస్‌లో నమోదు చేసే ప్రోగ్రాం రాయడం బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో మనవాళ్లకు తరచుగా తగిలే పని. అలాంటి ప్రోగ్రాంను ముందుగా సొంత ల్యాప్‌టాప్‌లో పరీక్షించేటప్పుడు, ఉత్తరం మూడు చోట్ల ఆగవచ్చునని గుర్తుంచుకోవాలి: సర్వర్ అందుకునే చోట, క్యూలో (అందించాల్సిన ఉత్తరాల వరుసలో), చివరగా మన ప్రోగ్రాంలో. లోపం బయటపడేది చివరి చోటే అయినా దాని మూలం చాలాసార్లు మొదటి రెండింటిలో ఉంటుంది.

సమస్య: సర్వర్ మొదలు కాదు, లేదా మొదలైనా కనెక్షన్ దొరకదు

'పర్మిషన్ డినైడ్' అని వస్తే కారణం పోర్టు, అంటే సర్వర్ కనెక్షన్లను అందుకునే అంకెల ద్వారం. లినక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టులను సాధారణ యూజర్ తెరవలేడు. మెయిల్ పోర్టు 25 ఆ కోవలోదే. 2525 వాడితే సరిపోతుంది. రూట్‌గా నడిపితే పని జరుగుతుంది కానీ, ఎవరెవరో పంపిన ఉత్తరాలను చదివే ప్రోగ్రాంకు సర్వాధికారాలు అప్పగించడం మంచి అలవాటు కాదు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే, సర్వర్ 127.0.0.1 (ఈ యంత్రాన్నే సూచించే ఐపీవీ4 చిరునామా) మీద వింటుండగా క్లయింట్ 'లోకల్‌హోస్ట్' పేరును ఐపీవీ6 చిరునామా ::1గా తీసుకుందేమో చూడాలి. పేరుకు బదులు అంకెల చిరునామా ఇస్తే తేలిపోతుంది. ప్రోగ్రాంను విడిగా ఉంచి నడిపే డాకర్ కంటెయినర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటెయినరే తప్ప మీ ల్యాప్‌టాప్ కాదు. పాత పాఠాల్లో కనిపించే, పరీక్ష మెయిల్ సర్వర్‌ను నడిపే ఎస్ఎమ్‌టీపీడీ మాడ్యూల్‌ను పైథాన్ 3.12లో తొలగించారు కాబట్టి, దాని స్థానంలో ఏఐఓఎస్ఎమ్‌టీపీడీని ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సమస్య: ఫోన్ నుంచి పంపిన మెయిల్ ల్యాప్‌టాప్‌కు చేరదు

మారతహళ్లి ఫ్లాట్‌లోని బ్రాడ్‌బ్యాండ్ మీద ఇది చేరుతుందని ఆశించకపోవడమే మేలు. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి బయటి నుంచి నేరుగా చేరగల సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. పైగా స్పామ్ భయంతో 25వ పోర్టును మూసేస్తారు. స్వాక్స్ అనే చిన్న సాధనంతో అదే యంత్రం నుంచి ఉత్తరం పంపితే బయటి ప్రపంచంతో పని ఉండదు. చిరునామాలకు '.టెస్ట్'తో ముగిసే డొమైన్లు వాడాలి. పరీక్షల కోసమే 1999లో వాటిని పక్కన పెట్టారు. మీ ప్రోగ్రాం జవాబులు కూడా పంపేదైతే వాటిని మెయిల్‌పిట్ వంటి ఉచ్చులోకి మళ్లించండి: అది 1025వ పోర్టులో ఉత్తరాలను పట్టుకుని, 8025లో బ్రౌజరుకు చూపిస్తుంది. అసలు కస్టమర్ల డేటా నకలు ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి.

సమస్య: మామూలు ఉత్తరాలు సరిగానే నమోదవుతాయి, బీసీసీలో వచ్చినవి, ఫార్వర్డ్ అయినవి మాత్రం 'చిరునామా తెలియదు' అంటూ పక్కకు పోతాయి

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఇదే. కవరు మీద రాసిన చిరునామా వేరు, లోపల 'పూజ్యులైన నాన్నగారికి' అని మొదలయ్యే సంబోధన వేరు. పోస్ట్‌మ్యాన్ చూసేది కవరునే. సర్వర్లు ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఎస్ఎమ్‌టీపీలోనూ అంతే: సర్వర్ ఉత్తరాన్ని చేర్చేది 'ఆర్‌సీపీటీ టు' ఆదేశంలోని చిరునామాకు, 'టు' హెడర్‌లోని దానికి కాదు. మీరు స్వయంగా పంపుకునే పరీక్ష ఉత్తరాల్లో రెండూ ఒకటే కావడంతో, హెడర్‌ను చదివే తప్పు ప్రోగ్రాం కూడా పాసవుతుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ పైప్ ద్వారా (ఉత్తరాన్ని నేరుగా అందిస్తూ) ప్రోగ్రాంను పిలుస్తున్నట్లయితే, కవరు చిరునామాను 'రెసిపియెంట్' మాక్రోతో ఆర్గ్యుమెంటుగా అందించి, దాన్నే నమ్మాలి. ఒక ఉత్తరం ఇద్దరికి వస్తే ప్రోగ్రాం ఒక్కొక్కరికి విడిగా నడిచేలా ఆ ట్రాన్స్‌పోర్టుకు (అందజేసే మార్గానికి) రెసిపియెంట్ పరిమితిని 1గా పెట్టాలి. ఆ తర్వాత కవరులో ఒక చిరునామా, హెడర్‌లో మరొకటి ఉన్న ఉత్తరాన్ని స్వాక్స్‌తో పంపి చూడాలి.

సమస్య: తెలుగు, కన్నడ సబ్జెక్టులు ముక్కలుగానో గజిబిజి గుర్తులుగానో కనిపిస్తాయి

ఇంగ్లిష్ సబ్జెక్టుకు ఎన్‌కోడింగ్ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల రూపంలోకి మార్చడం) అవసరం లేదు కాబట్టి ఈ లోపం దానితో ఎన్నడూ బయటపడదు. హెడర్‌లో ఎన్‌కోడ్ చేసిన ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదని నియమం. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. బేస్64 పద్ధతిలో లెక్క కడితే ఒక ముక్కలో అలాంటివి 15 మాత్రమే ఇముడుతాయి. 'మారతహళ్లి శాఖ నుంచి రావలసిన రసీదు ఇంకా అందలేదు' అన్న సబ్జెక్టు మూడు ముక్కలవుతుంది. పక్కపక్క ముక్కల మధ్య ఖాళీని వదిలేసి కలపాలి. రెజెక్స్‌తో (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాలతో) స్వయంగా రాసిన డీకోడర్ ఆ ఖాళీని పదం మధ్యలో అలాగే ఉంచుతుంది. కొన్ని పంపే ప్రోగ్రాంలైతే నియమాన్ని పక్కనపెట్టి, 3 బైట్ల అక్షరాన్ని మధ్యకు నరికేస్తాయి. డీకోడింగ్‌ను లైబ్రరీకే వదలండి. పైథాన్‌లో ఉత్తరాన్ని టెక్స్ట్‌గా కాక బైట్లుగా చదివి, పార్సర్‌కు 'డిఫాల్ట్' పాలసీని విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే అది పాత పాలసీతో నడిచి, సబ్జెక్టును డీకోడ్ చేయకుండానే చేతిలో పెడుతుంది.

సమస్య: ఒకే ఉత్తరం పదేపదే నమోదవుతుంది

ప్రోగ్రాం డేటాబేస్‌లో రాసిన తర్వాత ఏదో చిన్న పనిలో విఫలమై 75 ఎగ్జిట్ కోడ్‌తో (ముగిసేటప్పుడు ఫలితాన్ని తెలిపే అంకెతో) ముగిస్తే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని తాత్కాలిక ఇబ్బందిగా భావించి, ఉత్తరాన్ని క్యూలో ఉంచి మళ్లీ అందిస్తుంది. నమోదు పూర్తయ్యాక 0తోనే ముగించి, నోటిఫికేషన్ల వంటివి వేరే ప్రక్రియకు అప్పగించాలి. డేటాబేస్ అందుబాటులో లేనప్పుడు మాత్రమే 75 వాడాలి. ఇతర కోడ్‌లతో ముగిస్తే ఉత్తరం సాధారణంగా పంపినవారికే తిరిగి వెళ్తుంది. మళ్లీ వచ్చినదాన్ని గుర్తుపట్టడానికి మెసేజ్ ఐడీని దాచుకోవడం మంచిదే కానీ, అది ఒక్కటే చాలదు. ఒకే ఉత్తరం రెండు విభాగాలకు వస్తే రెండింటికీ మెసేజ్ ఐడీ ఒకటే ఉంటుంది కనుక, దానితో పాటు కవరు చిరునామాను కూడా కలిపి సరిచూడాలి; లేకపోతే రెండో విభాగానికి వచ్చిన ఫిర్యాదు నమోదు కాకుండానే పోతుంది.