సఫారీలో గైడ్ జీపు ఆపేస్తే విసుక్కోకండి
బెంగళూరులో మనవాళ్లు చాలామంది ముందు ఊరి పక్కనే ఉన్న బన్నేరుఘట్ట జూపార్కు చూసి, అదే లెక్కన నాగరహొళె అడవిలోని కబిని సఫారీకి వెళ్తారు. బన్నేరుఘట్ట సఫారీలో పులులు కంచెల లోపలే తిరుగుతాయి కాబట్టి కనిపిస్తాయి. కబినిది అసలు అడవి. పులి కనిపిస్తుందని ఏ గైడూ మాట ఇవ్వలేడు.

దారి మధ్యలో ఇంజన్ ఆపేసి ఊరికే కూర్చుంటే, టైం వేస్ట్ చేస్తున్నాడనుకోకండి. పులిని పసిగట్టినప్పుడు చుక్కల దుప్పులు, కొండముచ్చులు వేరే రకంగా అరుస్తాయి. ఆ అరుపు కోసమే చెవులు రిక్కించి వింటాడు. అప్పుడు చిప్స్ ప్యాకెట్ చప్పుడు కూడా వద్దు. మా బావగారి ఫోన్ సరిగ్గా అప్పుడే మోగింది, ఏం చెప్పను!

పొద్దుటి ట్రిప్పుకైతే స్వెట్టర్ పెట్టుకోండి, ఓపెన్ జీపులో చలి గట్టిగానే కొడుతుంది.