హార్డ్ డిస్క్ లేకుండా నాస్ నుంచి పీసీ బూట్ చేయాలంటే ముందు ఇవి టెస్ట్ చేయండి

ఒంగోలు, కావలి, నెల్లూరు, ఏ ఊళ్లో కాలేజీ ల్యాబుకైనా వెళ్లి ఓ మూలకి చూడండి, ప్రాసెసరూ ర్యామూ నిక్షేపంగా ఉండి హార్డ్ డిస్క్ ఒక్కటి పోయినందుకు పక్కన పడేసిన డెస్క్‌టాప్‌లు కనబడతాయి. రోహిణి కార్తె ఎండలకి గది ఉడికిపోతూ, మధ్యమధ్యలో కరెంటు పోయి వస్తూ ఉంటే ముందు దెబ్బతినేది తిరిగే డిస్కే. దానికితోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఈ పాత మెషీన్లలో చాలావాటిని దగ్గరికి రానివ్వదు. ఒక్కోదానికి డిస్కు కొనుక్కుంటూ పోయే బదులు, అన్నిటి డిస్కులూ ఒకే నాస్‌లో, అంటే నెట్‌వర్క్ మీద డిస్కు జాగా పంచే పెట్టెలో, పెట్టి, పీసీలు నెట్‌వర్క్ కేబుల్ మీదుగానే బూట్ అయ్యేట్టు చేసి లైనక్స్ ఎక్కిస్తే అవి ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక పీసీ ముందు సర్దుకుని కూర్చునే ల్యాబుల్లో ఇది చాలా పెద్ద సాయం.

కాకపోతే ఇందులో ఇన్‌స్టాల్ చేయడం తేలికైన సగం మాత్రమే. 'ఇన్‌స్టలేషన్ పూర్తయింది, రీస్టార్ట్ చేయండి' అని రాగానే పని అయిపోయిందనుకుని ల్యాబ్ తాళం వేసి వెళ్తే మర్నాడు పొద్దున్నే ఫోన్ వస్తుంది. కేబుల్ ఊడినా, కరెంటు పోయి వచ్చినా, లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ అప్‌డేట్ అయినా మళ్లీ లేచి నిలబడితేనే అది పని చేసినట్టు. అందుకే కింది నుంచి ఒక్కో మెట్టూ విడివిడిగా టెస్ట్ చేసుకుంటూ రావాలి. అన్నీ ఒకేసారి కలిపేస్తే ఎక్కడ ఆగిందో పట్టుకోవడానికే రోజంతా పోతుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పవర్ నొక్కగానే నెట్‌వర్క్ కార్డులో ఉండి నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించే పీఎక్స్ఈ లేచి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ని అడ్రస్ అడుగుతుంది. అడ్రస్‌తో పాటు ఫలానా సర్వర్ నుంచి ఫలానా ఫైలు తెచ్చుకో అని జవాబొస్తుంది. ఆ ఫైలు ఐపీఎక్స్ఈ అనే చిన్న ప్రోగ్రాం, టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతిలో వస్తుంది. అది నాస్‌లో ఉన్న ఐస్కజీ (డిస్కుని నెట్‌వర్క్ మీద ఇచ్చే పద్ధతి) టార్గెట్‌లోకి, అంటే ఆ డిస్కు ఇచ్చే చోటులోకి, లాగిన్ అయ్యి, అక్కడున్న డిస్కుని ఈ పీసీలోనే ఉన్న డిస్కులాగా చూపిస్తుంది. బూట్ లోడర్ అందులోంచి కెర్నెల్‌ని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఇక్కడిదాకా బానే ఉంది, అసలు చిక్కు దీని తర్వాతే. కెర్నెల్ లేచాక ఐపీఎక్స్ఈ చూపించిన డిస్కు దానికి కనబడదు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ తనే ఎక్కించుకుని, టార్గెట్‌లోకి తనే మళ్లీ లాగిన్ అవ్వాలి. ఆ వివరాలను ఐపీఎక్స్ఈ మెమరీలో ఐబీఎఫ్‌టీ అనే పట్టికలో రాసిపెట్టి పోతుంది, కెర్నెల్ దాన్ని చదువుకోవాలి. ఇన్‌స్టాల్ సాఫీగా జరిగి మొదటి రీస్టార్ట్‌లోనే ఆగిపోయే కేసుల్లో చాలావరకు తప్పు ఈ చేతులు మారే చోటే ఉంటుంది.

ఇక టెస్టులు. మొదటిది కేబులూ, స్విచ్చూ. దీన్ని చాలామంది వదిలేస్తారు. మన దగ్గర పాత ల్యాబుల్లో కేబుల్ వేసిన అబ్బాయి 'నాలుగు వైర్లు చాలన్నా, నెట్ వస్తాది' అని ఎనిమిదింట్లో నాలుగే క్రింప్ చేసి పోయి ఉంటాడు. నెట్ వస్తుంది, నిజమే, కానీ 100 ఎంబీపీఎస్‌లో వస్తుంది, అంటే సెకనుకి 11, 12 మెగాబైట్లు. గిగాబిట్‌కి ఎనిమిది వైర్లూ కావాలి, అప్పుడు సెకనుకి 110 మెగాబైట్ల దాకా వస్తుంది. బ్రౌజింగ్‌కి ఈ తేడా తెలియదు గానీ డిస్కే కేబుల్ మీద ఉన్నప్పుడు ప్రాణం తీస్తుంది. ఆర్‌జే45 కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుని చూస్తే పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి ఎన్ని రంగుల వైర్లు కొసదాకా వచ్చాయో కనబడుతుంది. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రం దగ్గరి ఊళ్లయితే పిన్నుల మీద చిలుం పట్టిందేమో కూడా చూడండి. తర్వాత రెండు లైనక్స్ మెషీన్ల మధ్య నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్ నడపండి. 940 ఎంబీపీఎస్ దగ్గర వస్తే ముందుకెళ్లొచ్చు. స్విచ్ మేనేజ్డ్ రకమైతే (సెట్టింగులు మార్చుకోగలిగేది) పీసీలు తగిలే పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ లాంటి సెట్టింగ్ ఆన్ చేయండి. లేకపోతే నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ, లింక్ వచ్చాక 30 సెకన్లు పోర్టుని ఆపి ఉంచుతుంది, ఆలోపు పీఎక్స్ఈ విసిగిపోయి అడ్రస్ రాలేదని వదిలేస్తుంది. వైఫై మీద మాత్రం ఇది ఆలోచించొద్దు.

రెండోది నాస్. సైనాలజీ, క్యూనాప్ లాంటి రెడీమేడ్ డబ్బా అయినా, పాత సర్వర్ మీద ట్రూనాస్ వేసుకున్నా, మామూలు లైనక్స్‌లో టార్గెట్‌సీఎల్ఐ వాడినా పద్ధతి ఒకటే. 40 జీబీ లన్ (నాస్‌లో ఒక పీసీకి డిస్కులా ఇచ్చే భాగం) ఒకటి చేయండి, దానికో టార్గెట్ పేరు, ఏ ఇనీషియేటర్ (లాగిన్ అయ్యే పీసీ) పేరుతో వచ్చినవాళ్లకి తలుపు తియ్యాలో ఆ పేరు ఇవ్వండి. వెంటనే బూట్‌కి వెళ్లొద్దు. బాగా పనిచేస్తున్న లైనక్స్ ల్యాప్‌టాప్ నుంచి ఆ టార్గెట్‌లోకి లాగిన్ అయ్యి, ఫార్మాట్ చేసి, ఓ 4 జీబీ ఫైలు రాసి దాని చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య) తీసుకోండి. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యి చెక్‌సమ్ తీయండి, రెండూ ఒకటే రావాలి. లాగౌట్ ఎందుకంటే, చెయ్యకపోతే ల్యాప్‌టాప్ తన మెమరీలో ఉన్న కాపీనే చదివి అంతా బాగుందని చెప్తుంది. లాగిన్ కూడా కాకపోతే నాస్ ఫైర్‌వాల్‌లో 3260 పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. లాగిన్‌కి చాప్ అనే పద్ధతిలో పాస్‌వర్డ్ పెట్టాలంటే, విండోస్ కూడా వాడే ఆలోచన ఉంటే 12 నుంచి 16 అక్షరాల్లో పెట్టండి. చాప్ లాగిన్‌ని మాత్రమే కాపాడుతుంది, డేటా కేబుల్ మీద విప్పిన పుస్తకంలా పోతుంటుంది, అందుకని ఈ ట్రాఫిక్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపకుండా వేరే స్విచ్ మీదో, వేరే వీలాన్‌లోనో (ఒకే స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్) ఉంచండి.

మూడోది డీహెచ్‌సీపీ. నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ వాళ్లిచ్చిన రౌటర్ ఇప్పటికే అడ్రస్‌లు పంచుతూ ఉంటుంది, దానికి పోటీగా మీరు ఇంకో డీహెచ్‌సీపీ పెడితే ఒకసారి బూట్ అవుతుంది, ఒకసారి అవ్వదు, టెన్షన్ మిగులుతుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రాంని ప్రాక్సీ పద్ధతిలో పెట్టండి, అడ్రస్‌లు రౌటరే ఇస్తుంది, బూట్ వివరాలు మాత్రం డీఎన్‌ఎస్‌మాస్క్ ఇస్తుంది. పాత బయోస్ మెషీన్లకీ, కొత్త రకం యూఈఎఫ్ఐ మెషీన్లకీ ఇవ్వాల్సిన ఫైళ్లు వేరు. పీసీ తనది ఏ రకమో ఆప్షన్ 93లో చెప్తుంది, సున్నా అయితే బయోస్, 7 అయితే 64 బిట్ యూఈఎఫ్ఐ, దాన్నిబట్టి ఫైలు ఇచ్చేలా రాసుకోండి. యూఈఎఫ్ఐ మెషీన్ ఫైలు తెచ్చుకుని కూడా నడపకుండా వదిలేస్తుంటే సంతకం లేని ప్రోగ్రాంలని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపి చూడండి.

ఐపీఎక్స్ఈ లేచాక అదీ మళ్లీ డీహెచ్‌సీపీని అడుగుతుంది, సర్వర్ మళ్లీ అదే ఐపీఎక్స్ఈ ఫైలు ఇస్తుంది, అది మళ్లీ మొదలవుతుంది, ఇలా తెల్లార్లూ తిరుగుతూనే ఉంటుంది. అడిగేది ఐపీఎక్స్ఈ అయితే యూజర్ క్లాస్‌లో తన పేరు చెప్పుకుంటుంది, అప్పుడు ఫైలు బదులు మీ స్క్రిప్ట్ (ఐపీఎక్స్ఈ ఏం చేయాలో రాసిన ఫైలు) అడ్రస్ ఇవ్వాలి. స్క్రిప్ట్‌నీ, ఇన్‌స్టాలర్ కెర్నెల్‌నీ హెచ్‌టీటీపీ మీద ఇవ్వండి. టీఎఫ్‌టీపీ ఒక ముక్క పంపి అందిందని జవాబొచ్చేదాకా ఆగే రకం, పెద్ద ఫైళ్లకి పనికిరాదు.

ఇవన్నీ అసలు పీసీల మీద చేసేముందు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ మీద ఒకసారి తిప్పడం మంచిది. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూలోని నెట్‌వర్క్ కార్డులో ఉండే బూట్ రోమ్ ఐపీఎక్స్ఈనే కాబట్టి డిస్కు లేని వర్చువల్ మెషీన్‌ని బ్రిడ్జ్ నెట్‌వర్క్‌కి తగిలిస్తే చాలు. ఐపీఎక్స్ఈ కనబడగానే కంట్రోల్ బి కొట్టండి, ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ముందు అడ్రస్ తెచ్చుకోమని చెప్పి, తర్వాత నెట్‌వర్క్ డిస్కు నుంచి బూట్ చేయించే శాన్‌బూట్ కమాండ్‌కి టార్గెట్ అడ్రస్ చేత్తో కొట్టండి. అందులో నాస్ ఐపీకీ టార్గెట్ పేరుకీ మధ్య నాలుగు కోలన్లు ఉంటాయి. ప్రోటోకాల్, పోర్టు, లన్ నంబరు రాసే ఖాళీలవి, ఏమీ రాయకపోతే మామూలు విలువలే తీసుకుంటుంది. ఒక్క కోలన్ తగ్గినా లాగిన్ కాదు, తప్పు ఎక్కడుందో కంటికి ఆనదు. శాన్ డివైస్ రిజిస్టర్ అయిందని వచ్చి, ఆ తర్వాత బూట్ ఫెయిల్ అయితే కంగారు పడకండి. డిస్కు ఇంకా ఖాళీ కదా, అది అలాగే ఆగాలి.

ఇప్పుడు ఇన్‌స్టాల్. పీసీలో సగం చచ్చిన పాత డిస్కు ఏదైనా ఉంటే సాటా కేబుల్ పీకేయండి, పెన్‌డ్రైవ్‌లు తీసేయండి. బూట్ లోడర్ వెళ్లి వాటి మీద కూర్చుంటే ఆ రోజు అంతా బాగానే ఉంటుంది, అది తీసిన రోజున బండి కదలదు. శాన్‌బూట్ బదులు శాన్‌హుక్ అంటే డిస్కుని తగిలించి ఊరుకుంటుంది, ఆ తర్వాత ఇన్‌స్టాలర్ కెర్నెల్‌ని లోడ్ చేయండి. ఫెడోరా, ఆల్మా, రాకీ కుటుంబానికి ఐబీఎఫ్‌టీతో బాగా అలవాటు, అందుకని మొదటిసారి చేసేవాళ్లు వాటితో మొదలుపెడితే నయం. డెబియన్ ఇన్‌స్టాలర్‌కి ఐబీఎఫ్‌టీ వాడమని బూట్ పారామీటర్‌లో విడిగా చెప్పాలి. విండోస్ కూడా ఐస్కజీ డిస్కు మీద ఎక్కుతుంది గానీ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ బూట్ మొదట్లోనే లేవాలి, లేవకపోతే నీలం తెర మీద బూట్ డివైస్ అందలేదంటుంది. పాత పీసీల ల్యాబుకి ఆ తిప్పలు వద్దనే నా అభిప్రాయం.

ఇన్‌స్టాల్ అయ్యాక రీస్టార్ట్ కాదు, షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసి ఓ నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. వేడి మీదున్న కార్డు లేచినట్టు చల్లారిన కార్డు లేవకపోవచ్చు. లేచాక కేబుల్ టెస్ట్. ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా కేబుల్ పీకి పది సెకన్లకి పెట్టండి, తర్వాత ఐదు నిమిషాలకి పెట్టి చూడండి. లైనక్స్‌లో ఐస్కజీ రీప్లేస్‌మెంట్ టైమౌట్ మామూలుగా 120 సెకన్లు, అది దాటితే రాతలన్నీ ఎర్రర్‌లతో వెనక్కొస్తాయి, ఫైల్ సిస్టం చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదు. లైనక్స్ ఉన్న రూట్ డిస్కే నాస్‌లో ఉన్నప్పుడు దీన్ని 86400 చేయమని ఓపెన్ ఐస్కజీ వాళ్లే చెప్తారు, అంటే ఒక రోజు. దాంతోపాటు కనెక్షన్ బతికుందో లేదో చూసే నూప్ ఔట్ ఇంటర్వెల్, టైమౌట్ రెండూ సున్నా పెట్టాలి. అప్పుడు కేబుల్ ఊడితే తెర బిగుసుకుపోతుంది, పెట్టగానే ఆగిన చోటు నుంచి నడుస్తుంది.

డీహెచ్‌సీపీ లీజ్ (ఇచ్చిన అడ్రస్ చెల్లే గడువు) టెస్ట్ ఎవరూ చెయ్యరు, ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. రౌటర్‌లో లీజ్ ఐదు నిమిషాలకి తగ్గించి పీసీని గంటసేపు నడపండి. లీజ్ రెన్యూ అయ్యేటప్పుడు లైనక్స్‌లో ఉండే నెట్‌వర్క్ మేనేజర్ ప్రోగ్రాం ఆ కార్డుని ఒక్క క్షణం కిందికి దించినా మీ రూట్ డిస్కు కాళ్ల కింద నుంచి పోయినట్టే. 24 గంటల లీజ్‌తో టెస్ట్ చేస్తే ఇది బయటపడదు, పరీక్షల రోజు బయటపడుతుంది. బూట్ అయ్యే కార్డుని ముట్టుకోవద్దని నెట్‌వర్క్ మేనేజర్‌కి చెప్పండి, ఒక్కో పీసీ మ్యాక్ అడ్రస్‌కీ ఒక్కో ఐపీ రిజర్వ్ చేయండి.

తర్వాత కరెంటు. అక్టోబర్, నవంబర్ వస్తే మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో వాయుగుండాలు, తుఫాన్లు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు వచ్చాక పీసీలు సెకన్లలో లేస్తాయి, నాస్ లేవడానికి నిమిషాలు పడుతుంది. అప్పటికే పీసీలన్నీ బూట్ డివైస్ లేదని నల్ల తెరతో నిలబడి ఉంటాయి. స్క్రిప్ట్‌లో లాగిన్ ఫెయిలైతే పది సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించమని ఒక లూప్ రాయండి. ఆ స్క్రిప్ట్ ఇచ్చే సర్వరూ నాస్‌లోనే ఉంటే లూప్ దాకా కూడా రాదు కాబట్టి, డీఎన్‌ఎస్‌మాస్క్‌ని వెంటనే లేచే చిన్న రాస్‌బెరీ పై మీద పెట్టండి, స్క్రిప్ట్‌ని కూడా అందులోనే ఉంచండి. నాస్‌కీ, స్విచ్‌కీ యూపీఎస్ తప్పనిసరి. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే లాభం లేదు. నిజంగా మెయిన్ ఆఫ్ చేసి, అన్నిటినీ ఒకేసారి ఆన్ చేసి చూడండి.

అలా ఒకేసారి ఆన్ చేసినప్పుడే ఇంకో సంగతీ తేలుతుంది. 20 పీసీలు ఒక గిగాబిట్ లైన్ మీద పడితే ఒక్కోదానికి సెకనుకి ఐదారు మెగాబైట్లే. నాస్‌లో తిరిగే డిస్కులుంటే అవి ఇరవై చోట్లకీ పరిగెత్తలేవు, బూట్ లన్‌లకి ఎస్‌ఎస్‌డీనే పెట్టండి.

చివరగా కెర్నెల్ అప్‌డేట్. నాస్‌లో స్నాప్‌షాట్ (లన్ ఆ క్షణాన ఉన్న స్థితి) తీసి, అప్‌డేట్ చేసి, ప్లగ్ తీసి బూట్ చేయండి. కెర్నెల్‌తో పాటు మొదట లోడ్ అయ్యే కొత్త ఇనిట్‌ర్యామ్ఎఫ్‌ఎస్‌లో ఐస్కజీ చేరకపోతే ఇక్కడే తెలిసిపోతుంది, స్నాప్‌షాట్‌కి తిప్పేసి సరిచేసుకోవచ్చు.

ఇవన్నీ దాటిన లన్‌నే మూలంగా పెట్టుకుని పీసీకి ఒకటి చొప్పున క్లోన్‌లు తీయండి. ఒకే లన్‌ని రెండు పీసీలకి ఇచ్చారంటే, ఒకరు రాసేది ఇంకొకరికి తెలియక ఫైల్ సిస్టం పాడైపోతుంది, అందుకని టార్గెట్‌లో ఒక్కో ఇనీషియేటర్‌కి ఒక్కో లన్ అని గట్టిగా కట్టేయండి. ప్రతి క్లోన్‌లో హోస్ట్‌నేమ్, ఇనీషియేటర్ పేరు మార్చండి, మెషీన్ ఐడీ (ఒక్కో లైనక్స్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) ఫైలు ఖాళీ చేయండి. మెషీన్ ఐడీ ఒకటే ఉంటే కొన్ని లైనక్స్‌లు డీహెచ్‌సీపీకి ఒకే మనిషిలా కనబడతాయి, రెండు పీసీలకి ఒకే ఐపీ వస్తుంది. మొదట రెండే క్లోన్‌లు పక్కపక్కన బూట్ చేసి, రెండింటి ఐపీలూ, మెషీన్ ఐడీలూ వేరేగా ఉన్నాయని కళ్లతో చూశాకే మిగతావి తీయండి.