పరిచయ వ్యాసం రాద్దాం – 4: మధ్యలో మాయమైన మంత్రి

పోయిన పాఠంలో బల్గేరియా మాజీ క్రీడామంత్రి క్రాసెన్ క్రాలెవ్ గురించి ఐదారు వాక్యాల పరిచయం రాయమన్నాను. ఈసారి పేరా మొదలుపెట్టడం ఎలాగో చెప్పాల్సింది. మీ రాతలు చదివాక దాన్ని వాయిదా వేస్తున్నాను. దాదాపు అందరిదీ ఒకటే వాక్యం: “2014 నుంచి 2021 వరకు యువజన, క్రీడల శాఖ మంత్రిగా పనిచేశారు.” వినడానికి బాగానే ఉంది. కానీ తప్పు.

ఆయన మంత్రిగా చేసింది రెండు విడతలు. 2014 నవంబరు 7 నుంచి 2017 జనవరి 27 దాకా ఒకటి, 2017 మే 4 నుంచి 2021 మే 12 దాకా ఇంకొకటి. నడుమ మూడు నెలల పైచిలుకు ఆ శాఖ దానియెలా దార్లిన్ చేతిలో ఉంది. మీ వాక్యంలో ఆవిడ అసలు పుట్టనే లేదు.

“మూడు నెలలే కదండీ” అంటారు. ఆ మూడు నెలలు ఎందుకొచ్చాయో చూడండి. 2016 నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో ప్రధాని బోయ్కో బొరిసొవ్ నిలబెట్టిన త్సెత్స్కా త్సాచెవా, రుమెన్ రాదెవ్ చేతిలో ఓడిపోయారు. బొరిసొవ్ రాజీనామా చేశారు. 2017 జనవరిలో పదవిలోకి వచ్చిన రాదెవ్, ఒగ్న్యాన్ గెర్జికొవ్‌ను ప్రధానిగా పెట్టి ఆపద్ధర్మ ప్రభుత్వం ఏర్పాటు చేశారు. మార్చి 26న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. మేలో బొరిసొవ్ తిరిగొచ్చారు, ఆయనతోపాటు క్రాలెవ్ కూడా.

మనవాళ్లు సరిగ్గా ఇక్కడే ఎందుకు జారతారంటే, మనకు ఆపద్ధర్మ ప్రభుత్వమంటే పాత ప్రభుత్వమే. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దయ్యాక డిసెంబరు దాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉన్నది కేసీఆరే. మనిషి మారలేదు, కుర్చీ మారలేదు. కాబట్టి రాజీనామా అని చదివినా మన బుర్ర పదవీకాలపు గీతను తెంపదు. బల్గేరియాలో పద్ధతి వేరు. పార్లమెంటులో ఎవరూ ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోతే అధ్యక్షుడు కొత్త ప్రధానితో, కొత్త మంత్రులతో తాత్కాలిక ప్రభుత్వాన్ని నియమించి ఎన్నికలు పెట్టిస్తారు. పాత మంత్రి ఫైళ్లు అప్పజెప్పి ఇంటికి వెళ్తారు. క్రాలెవ్ 2014లో శాఖ తీసుకున్నది గెయోర్గి బ్లిజ్నాష్కి ఆపద్ధర్మ ప్రభుత్వంలోని ఎవ్‌గెనియా రదనోవా దగ్గర్నుంచి. 2021లో ఆయన తర్వాత వచ్చిన ఆంద్రేయ్ కుజ్మానొవ్ కూడా ఆపద్ధర్మ మంత్రే, స్తెఫాన్ యానెవ్ ప్రభుత్వంలో. అంటే ఈ ఒక్క మనిషి కథలో ఆపద్ధర్మ ప్రభుత్వం మూడుసార్లు వస్తుంది. మీరు మూడింటినీ దాటేశారు.

నా పద్ధతి చెబుతాను. మనిషి పేరు పక్కన తేదీలు రాసుకోను. కాగితం మీద ప్రధానుల పేర్లు నిలువుగా వేసి, ఒక్కొక్కరి కింద మన మనిషి ఉన్నాడా లేడా అని టిక్కు పెడతాను. ఖాళీ దానంతటదే కనబడుతుంది. కంప్యూటర్లో పట్టిక గీసుకునేవాళ్లు గీసుకోండి, నాకు మాత్రం పెన్సిలే.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి “ఎంపీగా గెలిచి మంత్రి అయ్యారు” అని కలిపారు. ఇదీ మన అలవాటే. ఇక్కడ మంత్రి అయినవాళ్లు ఆరు నెలల్లోగా సభలో సభ్యులు కావాలి. అక్కడ మంత్రికి ఆ అవసరమే లేదు. పైగా ఎంపీ మంత్రి అయితే, మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఆయన సభ్యత్వం ఆగిపోతుంది, ఆ సీట్లో వేరొకరు కూర్చుంటారు. వ్యాపారం నుంచి నేరుగా మంత్రివర్గంలోకి రావడం అక్కడ వింతేమీ కాదు.

వ్యాపారం అన్నాం కాబట్టి: “ప్రముఖ వ్యాపారవేత్త” కొట్టేయండి. నల్లసముద్రం ఒడ్డున ఉన్న వర్నా నగరంలో చెర్నో మోరె ఫుట్‌బాల్ క్లబ్బు పగ్గాలు పట్టిన వ్యాపారి అని రాస్తే పాఠకుడికి మనిషి కనిపిస్తాడు. ఆయన ముందువాళ్లలో స్విలెన్ నెయ్‌కొవ్ రోయింగ్ కోచ్, రదనోవా స్కేటింగ్‌లో ఒలింపిక్ పతకాలు గెలిచిన క్రీడాకారిణి. వాళ్ల పక్కన పెడితే క్లబ్బు నడిపినవాడు రావడంలో తేడా తెలుస్తుంది. ఈ ఒక్క పోలిక నాలుగు విశేషణాల పని చేస్తుంది.

గెలుపోటములను మంత్రి ఖాతాలో వేసేటప్పుడు జాగ్రత్త. 2015లో చెర్నో మోరె, లెవ్‌స్కీ క్లబ్బును 2–1తో ఓడించి బల్గేరియా కప్పు గెలిచింది. అప్పుడు మంత్రి క్రాలెవే, కానీ కప్పు గెలిచింది ఆటగాళ్లు. అదే ఏడాది 11 మంది బల్గేరియా వెయిట్‌లిఫ్టర్లు డోపింగ్‌లో దొరికారు, దేశం రియో ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకే దూరమైంది. కప్పు ఆయనదైతే ఇదీ ఆయనదేనా? రియోలో బల్గేరియాకు స్వర్ణం లేదు. టోక్యోలో మూడు వచ్చాయి, అప్పటికి ఆయన దిగిపోయి రెండు నెలలు దాటింది. తేదీ, ఫలితం పక్కపక్కన పెట్టి ఊరుకోండి.

2019 అక్టోబరు 14న రాజధాని సోఫియాలో ఇంగ్లండ్ చేతిలో 0–6 ఓటమి, ప్రేక్షకుల జాత్యహంకార నినాదాలతో ఆట రెండుసార్లు ఆగడం గురించి బాగానే రాశారు. మర్నాటి సంగతే చెడగొట్టారు. ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు బొరిస్లావ్ మిహైలొవ్‌ను క్రాలెవ్ “తొలగించారు” అన్నారు. తొలగించే అధికారం మంత్రికి లేదు. మిహైలొవ్ తప్పుకునేదాకా సంఘంతో సంబంధాలు, డబ్బుతో సహా, ఆపమని క్రాలెవ్‌ను ప్రధాని ఆదేశించారు. మిహైలొవ్ ఆ రోజే రాజీనామా చేశారు. ఎవరు ఆదేశించారు, ఎవరు దిగిపోయారు అన్నవి రెండు వేర్వేరు వాక్యాలుగా రాయండి.

అభ్యాసం: బోయ్కో బొరిసొవ్ పరిచయం, ఎనిమిది వాక్యాల్లో. సెక్యూరిటీ కంపెనీ నడిపిన రోజుల నుంచి మొదలుపెట్టి, 2005 నుంచి 2009 దాకా సోఫియా మేయరు పదవి, ఆ తర్వాత ప్రధానిగా మూడు విడతలు రావాలి. విడతల మధ్య ప్రధానులుగా ఎవరెవరున్నారో మీరే వెతకాలి. మొదటి ఖాళీలో ఒక్కరే ఉన్నారనుకుంటే మళ్లీ వెతకండి. “తిరిగి”, “మళ్లీ” అన్న మాటలు వాడకూడదు, తేదీలే ఆ పని చేయాలి.