సట్లెజ్ ఎగువన కరువు లెక్క కట్టే ముందు

ముందు వాన కొలిచే స్టేషన్లు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. కొండల్లో రెయిన్ గేజ్‌లు ఎక్కువగా లోయల్లో, రోడ్డుకు దగ్గర్లోనే ఉంటాయి, పైన పడే మంచు వాటి లెక్కలోకి రాదు.

కనీసం 30 ఏళ్ల డేటా లేకుండా ఎస్‌పీఐ (వాన మామూలు కంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చూపే సూచిక) జోలికి వెళ్లొద్దు. మైనస్ 1 కంటే కిందకి పోతే కరువే అని రాసేస్తారు చాలామంది, కానీ హిమాచల్‌లోని స్పితి లాంటి, వానే అరుదైన చోట మూడు నెలల ఎస్‌పీఐ నాలుగు చినుకులకే ఎగిరి కూర్చుంటుంది. అక్కడ 12 నెలలది చూడండి.

చలికాలం మంచు తగ్గితే దెబ్బ తెలిసేది ఎండాకాలం ప్రవాహంలో. ఎండలు ముదిరి హిమానీనదాలు ఎక్కువ కరిగాయా, పైన కరువున్నా నది నిండుగానే కనిపిస్తుంది!

భాక్రా దిగువ ప్రవాహం మాత్రం తీసుకోకండి బాబూ, అది డ్యామ్ వదిలే నీళ్ల లెక్క.