మాత్ గొంగళి పురుగులను వెతకడం ఎలా? ముందు చెట్టు కింద చూడండి

మా వాకిట్లో నందివర్ధనం చెట్టు కింద రోజూ పొద్దున్నే మిరియాల్లాంటి నల్లటి గింజలు రాలి ఉండేవి. ఊడ్చిన గంటకే మళ్లీ పడేవి. ఎలుక పెంటికలేమో అనుకుంది అమ్మ. నేను చెట్టు కింద నిలబడి పావుగంట పైకి చూశాను, ఏమీ లేదు. తీరా చూస్తే ముఖానికి జానెడు దూరంలో, రెమ్మకు తలకిందులుగా వేలాడుతూ నా చూపుడు వేలంత పచ్చటి పురుగు! అంతసేపూ దాన్ని ఆకే అనుకున్నాను. అది ఒక మాత్ (సీతాకోకచిలుకలా ఉండి ఎక్కువగా రాత్రి ఎగిరేది) పిల్ల పురుగు, ఆ నల్లటి గింజలు దాని పెంటికలే.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. పురుగు కోసం కాదు, అది వదిలిన గుర్తుల కోసం వెతుకుతాను.

ఎప్పుడు, ఏం పట్టుకెళ్లాలి?

వానలు పడి చెట్లు చిగురించాక వెళ్లండి. మన దగ్గర జూలై నుంచి నవంబరు దాకా మంచి కాలం. పొడుగు చేతుల చొక్కా, బూట్లు, టార్చ్, ఫోన్, ఒక పాత తెల్ల పంచె చాలు. గడ్డిలో నడిచేటప్పుడు పాముల సంగతి మరిచిపోవద్దు.

1. చెట్టును ఎంచుకోండి

చాలా మాత్‌ల పిల్ల పురుగులు దొరికిన ఆకునల్లా తినవు, వాటికి నచ్చిన మొక్కలు వేరే ఉంటాయి. నందివర్ధనం, గన్నేరు మీద ఒలియాండర్ హాక్ మాత్ (హాక్ మాత్‌లు మాత్‌లలో ఒక రకం) పురుగు ఉంటుంది. మా వాకిట్లోది అదే. ఆముదం మీద రైతులు దాసరి పురుగు అనేది దొరుకుతుంది. నువ్వు చేలో డెత్స్ హెడ్ హాక్ మాత్ పురుగు ఉండొచ్చు. చేలోకి దిగే ముందు మాత్రం రైతును అడగండి, మందు కొట్టి ఉంటే ఆకులు ముట్టుకోవద్దు.

అడవిలో మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు ఉంటాయి, ఇవీ మాత్ పురుగులే. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు వీటిని చెట్ల మీదే పెంచుతారు. అక్కడ కనిపించే పురుగు ఒక కుటుంబపు పంట కాబట్టి చూసి వచ్చేయండి. రిజర్వ్ అడవిలోకి వెళ్లాలంటే అనుమతి తీసుకోండి.

2. నేల చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, తొందరపడకండి. సిమెంటు గచ్చు, తారు రోడ్డు, కింది వరస వెడల్పాటి ఆకుల మీద పెంటికలు బాగా కనిపిస్తాయి. ఒకటి పుల్లతో దొర్లించి దగ్గరగా చూడండి. హాక్ మాత్ పురుగుదైతే చిన్న పీపాలా ఉండి, పొడుగునా గాడులు ఉంటాయి. తడిగా, ముదురు పచ్చగా ఉంటే ఇప్పుడే పడిందన్నమాట. ఎండి పొడి అవుతుంటే పాతది, పురుగు వెళ్లిపోయి ఉండొచ్చు. రాత్రి వాన పడి పొద్దున ఆగితే ఇంకా మేలు. పాతవన్నీ కొట్టుకుపోతాయి, ఉన్నవన్నీ ఇవాళ్టివే. గాలి లేకపోతే పురుగు దాదాపు సరిగ్గా వాటి పైనే ఉంటుంది.

3. కొరికిన ఆకు పట్టుకోండి

తాజాగా కొరికిన అంచు పచ్చగా ఉంటుంది, పాతది గోధుమ రంగుకు తిరుగుతుంది. నందివర్ధనం లాంటి పాలు కారే మొక్కల్లో ఇంకా సులువు. కొరికిన చోట తెల్లటి పాల బొట్టు ఇంకా ఆరకుండా ఉందంటే పురుగు పక్కనే ఉంది. ఆ పాలు చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి. గన్నేరైతే తప్పనిసరి, అది విషం.

4. కింద నుంచి, వెలుగుకు ఎదురుగా చూడండి

పై నుంచి చూస్తే ఆకులే కనిపిస్తాయి. వంగి, సూర్యుడు ఆకుల అవతల ఉండేలా నిలబడి చూస్తే ఆకు అడుగున పురుగు నీడలా తేలుతుంది. తోక మీద చిన్న కొమ్ము ఉంటే చాలావరకు హాక్ మాత్‌దే. ఒలియాండర్ పురుగుకైతే తల వెనక రెండు నీలి కళ్ల మచ్చలుంటాయి. కదిలిస్తే తల లోపలికి ముడుచుకుని ఆ మచ్చలను మన మీదికి చూపిస్తుంది. మొదటిసారి చూసి నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను.

5. రాత్రి ఒకసారి వెళ్లండి

చాలా పురుగులు రాత్రే మేస్తాయి. టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేయండి. యూవీ (అతినీల లోహిత కాంతి) టార్చ్ ఉంటే చాలా రకాల పురుగులు లేత పచ్చగా మెరుస్తాయి, ఆకులు మసక ఎరుపుగా కనిపిస్తాయి. ఆ వెలుగు కళ్లలో పడనివ్వద్దు.

6. పొదలైతే పంచె పరచండి

పొద కింద పంచె పరిచి కొమ్మను కర్రతో రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. పడినవాటిని చూసి మళ్లీ అదే మొక్క మీద వదలండి, వేరే మొక్క మీద అవి తినక చస్తాయి. లేత మొక్కల మీద ఈ పని వద్దు.

జాగ్రత్త

నూగు, ముళ్లు ఉన్న పురుగును ముట్టుకోవద్దు. మునగ మొదలు మీద గుంపుగా అతుక్కునే కంబళి పురుగుల వెంట్రుకలు తగిలితే దురద. కొబ్బరి, మామిడి ఆకుల మీద ఉండే ముళ్ల పచ్చ పురుగు కందిరీగలా మండిస్తుంది. తగిలితే రుద్దకుండా సెల్లో టేప్ అంటించి లాగండి, సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. కంట్లో పడినా, ఊపిరి ఇబ్బంది అయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దొరికింది మాత్‌దేనా?

సీతాకోకచిలుక పురుగుకూ మాత్ పురుగుకూ తేడా చెప్పే ఒకే ఒక్క గుర్తంటూ లేదు. మొక్క తెలిస్తే సగం పని అయినట్టే. జిల్లేడు మీది చారల పురుగు, కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించేది, రెండూ సీతాకోకచిలుకలవే. అందుకే ఫొటో తీసేటప్పుడు పై నుంచి, పక్క నుంచి, మొక్క ఆకుతో సహా తీయండి. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు.

ఒకరోజు ఆ పచ్చ పురుగు గోధుమ రంగుకు మారి నేల మీద పరుగులు తీస్తుంటే జబ్బు చేసిందని టెన్షన్ పడకండి. ఎండుటాకుల్లో దూరి ప్యూపా (మాత్‌గా మారే ముందు కదలకుండా ఉండే దశ) కావడానికి చోటు వెతుక్కుంటోంది. అమ్మ ఇప్పుడు వాకిలంతా ఊడుస్తుంది గానీ, నందివర్ధనం మొదలు దగ్గర రాలిన ఆకులను మాత్రం కదపదు.