మార్ఫింగ్ ఫొటోతో బెదిరిస్తే ఏం చేయాలి?

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి వాట్సాప్ డీపీని ఎవడో మార్ఫింగ్ చేసి, "పది వేలు వేయకపోతే మీ నాన్నకు పంపిస్తా" అని మెసేజ్ పెట్టాడు. ఆ పిల్ల భయంతో చాట్ మొత్తం డిలీట్ చేసేసింది. తర్వాత స్టేషన్‌కు వెళ్తే చూపించడానికి చేతిలో ఏమీ లేదు. అందుకే ముందే చెప్తున్నా, దేన్నీ డిలీట్ చేయకండి.

మొదట సాక్ష్యం జాగ్రత్త చేయండి. స్క్రీన్‌షాట్‌లో మెసేజ్‌తో పాటు తేదీ, టైమ్ కనపడాలి. వాట్సాప్‌లో పైన ఉన్న పేరు మీద నొక్కితే నంబరు వస్తుంది, దాన్నీ తీయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అయితే పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు రెండూ కాపీ చేసుకోండి. ఒకే పేరుతో వందల అకౌంట్లు ఉంటాయి, లింకు ఉంటేనే అది ఏదో తేలుతుంది. కేసు తేలేదాకా ఫోన్ రీసెట్ చేయొద్దు.

డబ్బు మాత్రం పంపొద్దు. ఇచ్చినకొద్దీ అడుగుతూనే ఉంటారు. ఇప్పటికే పంపేసి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాత యాప్‌లోనే రిపోర్ట్ కొట్టండి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ ఫొటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 2 గంటలు దాటకుండా తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు చెప్తున్నాయి (2026 ఫిబ్రవరి సవరణకు ముందు ఈ గడువు 24 గంటలు ఉండేది). పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ కూడా ఉంది. అందులో ఫొటోను ఎంచుకున్నా అది మన ఫోన్ దాటి పోదు. దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సైట్‌తో కలిసి పనిచేసే కంపెనీలు ఆ గుర్తుతో ఫొటోను పట్టుకుని ఆపుతాయి.

ఇక ఫిర్యాదు. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఇవ్వొచ్చు, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఆ స్టేషన్‌లోనే నమోదు చేసే కేసు) అడగొచ్చు. అశ్లీల చిత్రాలు ఆన్‌లైన్‌లో పెట్టినా, పంపినా ఐటీ చట్టం సెక్షన్ 67 కింద మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. బాధితులు మైనర్లయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద కేసు కూడా పడుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "చూడండి, మా అమ్మాయికి ఏం జరిగిందో" అంటూ ఆ ఫొటోను బంధువుల గ్రూపులో పెట్టకండి, అలా పంపడమూ నేరమే అవుతుంది. "అసలు డీపీ ఎందుకు పెట్టావ్?" అని పిల్లను నిలదీయకండి, తప్పు చేసింది తను కాదు. స్టేషన్‌కు తనతో పాటు మీరూ వెళ్లండి.